సేటు బొమ్మ సంచిలో పెళ్లి చీరలు

చీరలమ్ముకున్న మనిషి తన ఉద్యోగం గురించి రాసుకోవడమేమిటని మా ఆయన నవ్వాడు. నవ్వనీ. పేపర్లో మంత్రులూ కలెక్టర్లూ రాసుకున్నవే చదివిన మనిషి ఆయన. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల షాపులో, తెల్ల పరుపు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, కాలేజీ పిల్ల దగ్గర్నుంచి మనవరాలి పెళ్లికి చీర కొనే ముసలమ్మ దాకా అందరికీ చీర పరిచి చూపించినదాన్ని నేను. జనాన్ని ఇంత దగ్గర నుంచి చూసిన మంత్రి ఎవరైనా ఉంటే నా ముందుకు రమ్మనండి.

నా పేరు అండాలు. పుట్టిల్లు పోచంపల్లి పక్క ఊరు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ మగ్గానికి నూలు ఆసు పోసేది. పెళ్లయి సరూర్‌నగర్ వచ్చాక, నేసే ఇంట్లో పుట్టినదాన్ని అమ్మే చోట కూర్చున్నాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే ఉన్నాను.

ఇప్పుడు చీరల షాపుల్లో చేరుతున్న పిల్లల కోసం ఈ నాలుగు ముక్కలు. జీతం ఎప్పుడు పెరిగింది, ఫ్లోరు ఇన్‌చార్జిని ఎప్పుడయ్యాను అన్నవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేది ఒకటుంది. మా సేటు ఎలక్షన్లలో నిలబడ్డప్పుడు జరిగిన సంగతి. దాని గురించి రెండు పార్టీల వాళ్లూ చెప్పింది అబద్ధమే. అసలు జరిగింది నేను చెబుతాను.

ముందు పని సంగతి

చేరగానే మీకు నవ్వమని నేర్పుతారు. నవ్వండి, నష్టం లేదు. కానీ అదే పని అనుకోవద్దు. అయిదుగురు ఆడవాళ్లు కలిసి షాపులోకి వస్తే, చీర కట్టుకునేది ఒకరు, పైసలిచ్చేది ఒకరు, ‘సరే’ అనాల్సింది ఇంకొకరు. ఆ మూడో మనిషిని పట్టుకోవడమే మన పని. ఆమె వెనకాల స్టూలు మీద కూర్చుని, నాకేం సంబంధం లేదన్నట్టు ఫ్యాను వైపు చూస్తుంటుంది. అత్త కావచ్చు, పెద్ద ఆడబిడ్డ కావచ్చు. ఆమెకు మంచినీళ్లు ఇప్పించకుండా ఎన్ని చీరలు పరిచినా దండగే.

ఇంకో మాట. చెప్పులు చూసి చీరలు దించొద్దు. అరిగిన చెప్పులతో వచ్చినామెకు అడుగు అరలోవి చూపించి, కారు దిగినామెకు పట్టు దించే పిల్లలు ఉన్నారు. అది తెలివి అనుకుంటారు. కాదు, కుసంస్కారం. మగ్గం మీద కూర్చున్న మా నాన్నకు ఎవరి కోసం నేస్తున్నాడో తెలియదు. ఆ మనిషి తెలియకుండానే మంచిగా నేశాడు కదా, మనిషి కనబడుతుంటే మనకేం రోగం?

ఇవన్నీ నాకు నేర్పింది మా సేటు జంగయ్యే. నల్గొండ పల్లె నుంచి వచ్చి, మొదట్లో గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ కాలనీల్లో సైకిల్ మీద చీరల మూట పెట్టుకుని ఇంటింటికీ తిరిగినవాడు. నన్ను ‘చెల్లె’ అనేవాడు. షాపు పెద్దదయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

నేను చేరిన కొత్తలో మలక్‌పేట నుంచి ఒకామె రంగు కారిన చీర పట్టుకుని గొడవకొచ్చింది. సంచి మాదే. చీర మాత్రం మాది కాదని నాకు గట్టి నమ్మకం. ఆ మాటే అనబోతుంటే సేటు పైఅంతస్తు నుంచి దిగొచ్చి, చీరను ఒకసారి తడిమి చూసి, “మాదేనమ్మా. తప్పయింది. ఇంకోటి తీస్కో” అన్నాడు. ఆమె వెళ్లిపోయాక నేను ఊరుకోలేదు.

“గది మన చీర గాదు సేటూ.”

“నాకెర్క లేదా చెల్లె? మనది గాని చీరను మనదంటే ఒక్క చీర పోతది. మన చీరను మనది గాదంటే దుకాణమే పోతది.”

ఇంత మంచి మాట చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ మనిషిలో కూడా చాలా ఏళ్లు చూడలేదు, అది వేరే సంగతి.

“నేనున్న గదమ్మా!”

సేటు టీవీలోకి ఎక్కడం అనుకోకుండా జరిగింది. ప్రకటనకు ఒప్పుకున్న సినిమా అమ్మాయి ఆ రోజు రాలేదు. కెమెరా వాళ్లు వచ్చి కూర్చున్నారు. సేటు విసిగిపోయి, తెల్ల చొక్కా వేసుకుని, తనే చేతులు జోడించి నిలబడ్డాడు. “చీర మంచిగ లేకుంటే నన్నడుగు. నేనున్న గదమ్మా!” అన్నాడు. అంతే. రాసిచ్చిన మాట కాదు, రోజూ షాపులో అనే మాటే.

అది అంటుకుంది. ఆటోవాళ్లు ఆ గొంతు పెట్టి మాట్లాడేవారు. పెళ్లిళ్లలో పెళ్లికొడుకు పక్కన కంటే సేటు పక్కన ఎక్కువ మంది ఫొటోలు దిగేవారు. ఎక్కిరించినవాళ్లూ ఉన్నారు, మురిసినవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ చీరలు మాత్రం కొన్నారు. షాపు సంచుల మీద కూడా చేతులు జోడించిన సేటు బొమ్మ అచ్చయింది. క్రమంగా ఆయన పైఅంతస్తు నుంచి కిందికి దిగడం తగ్గింది. షాపు చూసుకోవడానికి గుంటూరు వైపు నుంచి శ్రీనివాసరావు గారని ఒక మేనేజరు వచ్చాడు.

ఆ తర్వాత సేటుకు ఎవరో చెవిలో ఊదారు. ఇంతమంది ముఖం గుర్తుపడతారు, ఓటు ఎందుకు వేయరు అని. ఒకరోజు షాపులో అందర్నీ కూర్చోబెట్టి, “షాపు నడిపినట్టే సర్కారు నడుపుతా” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నచ్చనివాళ్లు మన షాపు దిగి పక్క షాపుకు పోతారు. ఎమ్మెల్యే నచ్చకపోతే జనం ఏ పక్క షాపుకు పోవాలి? అదే అడిగాను. సేటు నవ్వి, “చెల్లెకు మస్తు మాటలొచ్చినయ్” అన్నాడు.

వ్యాపారం చేసినవాళ్లు ఎన్నికల్లో నిలబడకూడదని నేననను. వకీళ్లు నిలబడొచ్చు, డాక్టర్లు నిలబడొచ్చు, చీరలమ్మేవాళ్లు ఏం పాపం చేశారు? కానీ ఒక పనిలో వచ్చిన పేరును ఇంకో పనికి అరువు తెచ్చుకుంటే, ఆ మొదటి పనిని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మా సేటు దాన్నే వదిలేశాడు.

కండువా మారింది

పార్టీల పేర్లు రాయను. రాస్తే మీరు చదవడం ఆపి కొట్టుకుంటారు. మొదటి పార్టీ, రెండో పార్టీ అంటాను. ఎవరికి ఎవరిని అనుకోవాలనుంటే వాళ్లను అనుకోండి, ఫరక్ పడదు.

సేటు ముందు మొదటి పార్టీ చుట్టూ తిరిగాడు. ఆ పార్టీ వాళ్లు షాపుకొచ్చి, “సైకిల్ మీద అమ్మి పైకొచ్చిండు, గిసుంటోల్లే కావాలె” అనేవారు. రెండో పార్టీ వాళ్లు, “బట్టలమ్మేటోనికి అసెంబ్లీల ఏం పని?” అనేవారు. ఆఖరు నిమిషంలో మొదటి పార్టీ టికెట్ ఇంకెవరికో ఇచ్చింది. తెల్లారేసరికి సేటు మెడలో రెండో పార్టీ కండువా ఉంది.

ఇక చూడండి వినోదం. నిన్నటి దాకా ‘బట్టలమ్మేటోడు’ అన్న నోళ్లే ‘సైకిల్ మీద పైకొచ్చినోడు’ అన్నాయి. ‘గిసుంటోల్లే కావాలె’ అన్నవాళ్లు ‘అసెంబ్లీల ఏం పని’ అన్నారు. మాటలు అవే. ఒక్క అక్షరం కొత్తది కల్పించుకునే ఓపిక కూడా లేదు ఎవరికీ. మనిషి మారలేదు, షాపు మారలేదు, కండువా మారింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న అని ఊరికే అనలేదు పెద్దలు.

అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. అది పరుపు మీదికి వచ్చింది. ఏళ్ల తరబడి నా దగ్గరే కొనే ఒక టీచరమ్మ వచ్చి, నిలబడే, “ఏమనుకోకు అండాలు, మీ సేటు ఆ పార్టీల చేరినంక నాకు మనసొప్పుతలేదు” అని చెప్పి వెళ్లిపోయింది. పోనీ చెప్పి పోయింది, అది మర్యాద. కొందరైతే చీర కొని, సంచి వద్దని, చంకలో పెట్టుకుని పోయారు. రెండో పార్టీ పిల్లలేమో చీర కొనకుండా వచ్చి సేటు బొమ్మకు దండం పెట్టి పోయేవారు. వాళ్లతో షాపు నిండుగానే ఉండేది, గల్లా మాత్రం ఖాళీ.

ఇంట్లో కూడా అదే. మా ఆయన మొదటి పార్టీ. సేటు టికెట్ మారిన రోజు అన్నం ముందు కూర్చుని, “మీ సేటు దొంగ” అన్నాడు. “పోయిన్నెల గాయన దేవుడన్నవ్ గద” అన్నాను. “అప్పుడు తెల్వదు” అన్నాడు. నెల రోజుల్లో ఏం తెలిసిందో అడిగితే పప్పులో ఉప్పు తక్కువైందని మాట మార్చాడు.

పద్మమ్మ అడిగిన సంచి

నామినేషన్ వేసిన రోజే శ్రీనివాసరావు గారు సేటు బొమ్మ సంచులన్నీ గోదాములో పెట్టించి, తెల్ల సంచులు తెప్పించాడు. అది సరైన పనే. పోటీ చేస్తున్న మనిషి బొమ్మతో సంచి ఇస్తే ప్రచారం కింద పట్టుకుంటారు.

అప్పుడే పద్మమ్మ వచ్చింది. తుర్కయంజాల్‌లో ఉంటారు, నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. కొడుకు పెళ్లి. కోడలికి పెట్టే పెళ్లి చీర, వియ్యపురాలికి, ఆడబిడ్డలకు, యారాళ్లకు అంటే తోడికోడళ్లకు, మేనత్తలకు పెట్టుపోతల చీరలు, అన్నీ ఒకే రోజు కొనాలని వచ్చారు. పెద్ద ఆడబిడ్డ స్టూలు మీద కూర్చుంది. ఆమెకు చాయ్ ఇప్పించి, మధ్యాహ్నం దాకా దించి చూపించాను. పద్మమ్మ ప్రతి చీరనూ ఒడిలో వేసుకుని, అది ఎవరికో ఆ మనిషి పేరు చెప్పుకుంటూ తీసింది. అలా కొనేవాళ్లంటే నాకు ప్రాణం.

కట్టడం మొదలుపెట్టాక తెల్ల సంచులు చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

“అక్కా, గీ తెల్ల సంచిల పెడితే మా చుట్టాలు ఏమంటరు? రోడ్డు పొంటి కుప్పలేసి అమ్ముతరు గద, ఆడ కొన్నరంటరు. సేటు బొమ్మ సంచులియ్యరాదు?”

మా వైపు పెట్టుపోతల సంగతి తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పెట్టిన చీర విప్పి చూసేది ఇంటికెళ్లాక. పదిమందిలో చూసేది సంచినే. ఏ షాపు సంచి అన్నదాన్ని బట్టి ఎంత మర్యాద చేశారో అక్కడే తేల్చేస్తారు. ఆమెది గొప్పల కోసం పడే తాపత్రయం కాదు. ఇంత పెట్టి కొన్నామని నలుగురికీ కనబడాలి, అంతే.

గోదాము నుంచి సంచులు తెప్పించి ఇచ్చాను. ఇచ్చింది నేనే. రాజకీయం నడుస్తోంది కాబట్టి పెళ్లి మర్యాద తగ్గించుకోమని ఒక తల్లికి చెప్పడం నాకు చేతకాలేదు, ఇప్పటికీ చేతకాదు.

సాగర్ రోడ్డు మీద చెక్‌పోస్టులో వాళ్ల ట్రాలీని ఆపారు. తార్పాలిన్ తీస్తే సంచుల నిండా చేతులు జోడించిన అభ్యర్థి. పద్మమ్మ బిల్లు చూపించింది, పెళ్లి కార్డు చూపించింది. చెక్‌పోస్టు వాళ్లు అడ్డగోలుగా మాట్లాడలేదు. షాపుకు ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తిన శ్రీనివాసరావు గారు, “ఆ చీరలు మావి కాదు, ఆ బిల్లు మాది కాదు” అన్నాడు. దాంతో చీరలన్నీ ఎల్బీనగర్‌లోని ఎన్నికల ఆఫీసుకు పోయాయి.

అప్పటికే మొదటి పార్టీ కుర్రాళ్లెవరో వీడియో తీశారు. ‘చీరల పంపకం బట్టబయలు’ అని పెట్టారు. అందులో పద్మమ్మ అంతమంది మగవాళ్లు ఫోన్లు ఎత్తేసరికి సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్లంతా దొంగ ముఖం దాచుకుందన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

వీడియో వియ్యంకుడి దాకా పోయింది. ఆయన మొదటి పార్టీ కార్యకర్త. “ఓట్లకు పంచే చీరలు నా బిడ్డకు పెడతరా? మీ సంగతి తేల్చుకున్నంకనే మా గడప తొక్కున్రి” అని ఫోన్ పెట్టేశాడు. పెళ్లి శుక్రవారం. పద్మమ్మ నాకు ఫోన్ చేసింది మంగళవారం పొద్దున. ఏడవలేదు. “అక్కా, అవి నువ్వే ఇచ్చినవ్ గద. ఒక్కసారి చెప్పవా?” అంది.

మావి కావన్న రోజు

ఆ రోజే శ్రీనివాసరావు గారు మమ్మల్నందర్నీ పైఅంతస్తుకు పిలిచాడు. సేటు మూలన కుర్చీలో, మెడలో కండువాతో కూర్చున్నాడు.

“ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట. ఆ చీరలు మనవి కాదు. మన సంచులు అవతలి పార్టీ వాళ్లు దొంగచాటుగా ప్రింట్ చేయించారు. సాయంత్రం ప్రెస్‌మీట్‌లో సార్ ఇదే చెప్తారు. అర్థమైందా?”

నేను లేచాను. “సారూ, గా చీరలు నేనే అమ్మిన. సంచులు గూడ నేనే ఇచ్చిన.”

“తెలుసండీ. అందుకే పిలిచాను. మీరు కూర్చోండి అండాలు గారూ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“దురద గాదు సారూ, ఆడ ఒక ఇల్లు కాలుతున్నది.”

సేటు వైపు తిరిగాను. “నువ్వు చెప్పు సేటూ. అవి మనవి గావా?”

ఆయన నా వైపు చూడలేదు. “చెల్లె, జర సమజ్ చేస్కో. మనవే అంటే నేను పంచుతున్ననని కేసు పెడ్తరు. పోలింగ్ అయినంక గా తల్లికి ఇంతకంటె మంచి చీరలు నేనే పెడ్త.”

“పెళ్లి శుక్రవారం. పోలింగ్ దాంక ఆగుమని ముహూర్తానికి చెప్పాల్నా?”

“నాలుగు దినాల ముచ్చట...”

“మన చీరను మనది గాదంటే ఏం పోతదో నాకు చెప్పింది నువ్వే. మరిశినవా?”

సేటు మెడలో కండువా సర్దుకున్నాడు. శ్రీనివాసరావు గారే అన్నాడు: “ఇప్పుడు మెట్లు దిగి ఆ ఆఫీసుకు వెళ్లారంటే, మళ్లీ ఈ షాపుకి రావక్కర్లేదు.”

“నన్ను పన్ల పెట్టుకున్నది సేటు. తీసెయ్యాలంటే గాయన నోటితోని అనాలె.”

ఆగాను. ఆయన అనలేదు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాను.

భయం వేయలేదని చెప్పను. కిరాయి ఇల్లు, మా ఆయన పింఛను అంతంతమాత్రం, ఈ వయసులో నన్ను ఇంకో షాపు తీసుకోదు. అయినా మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాను. కోపం భయం కంటే ఎక్కువ కాబట్టి కాళ్లు నడిచాయి. నా చేత్తో అమ్మిన చీరను, నా ముందు, మాది కాదంటారా?

ఎల్బీనగర్ ఆఫీసులో

వరండాలో పద్మమ్మ, ఆమె భర్త కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆమె లేచి చేయి పట్టుకుంది. వదలకుండానే లోపలికి వచ్చింది.

లోపలి ఆఫీసరు మంచివాడే. పని ఒత్తిడిలో ముఖం వాడిపోయి ఉంది. “బిల్లు ఉందమ్మా, కార్డు ఉంది. నాకూ పెళ్లి చీరల లెక్కనే కనబడ్తున్నయ్. కాని అమ్మినోళ్లే మావి గావంటుంటే నేనెట్ల ఇడిచిపెట్టాలె?”

“అమ్మినదాన్ని నేను. మావే. రాస్కోన్రి.”

“సంతకం పెడ్తవా? రేపు కేసంటే పిలుస్తరు.”

“పెడ్త. పిలిస్తే ఒస్తా.”

“మీ సేటు ఊకుంటడా? నీ నౌకరి?”

“గది రాయకున్రి” అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. పైవాళ్లు చూసి రేపు ఇస్తారన్నాడు.

బయటికి వచ్చేసరికి రెండు పార్టీల వాళ్లూ ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. ఎవరు చెప్పారో తెలియదు. మొదటి పార్టీ అతను, “అక్కా, ఓట్ల కోసం సేటే పంచుమన్నడని ఒక్క మాట అను. గంతే చాలు” అన్నాడు. రెండో పార్టీ అతను అడ్డం వచ్చి, “లేదక్కా, వాళ్లే మన సంచుల పెట్టిన్రని చెప్పు. నీకు మేమున్నం” అన్నాడు.

“గవి పెళ్లి చీరలు. గీ పద్మమ్మ కొడుకు పెళ్లికి కొన్నది, నేను అమ్మిన. సంచులు అడిగితె ఇచ్చిన.”

“గంతేనా?” అన్నారు ఇద్దరూ. రెండు పార్టీలూ ఒక్క గొంతుతో మాట్లాడటం ఆ ఎలక్షన్లో అదే మొదలు, అదే ఆఖరు.

సాయంత్రానికి నేను కూడా వీడియోనయ్యాను. మొదటి పార్టీ వాళ్లు ‘సంచులు ఇచ్చిన’ అన్న ముక్క మాత్రం కోసి, ‘సేటు మనిషే ఒప్పుకుంది’ అని పెట్టారు. రెండో పార్టీ వాళ్లు నా ఫొటో పెట్టి ‘అమ్ముడుపోయిన అండాలు’ అన్నారు. పెళ్లి అన్న మాట రెండింటిలోనూ లేదు. మొదటి వీడియో మా ఆయన గ్రూపులోకి వస్తే, ఆయన సంబరంగా నాకే చూపించబోయాడు. “నేను మొత్తం ఏం చెప్పిన్నో తెల్సా?” అని అడిగి, చెప్పాను. ఆయన ఫోన్ తీసుకుని, అదే మాట గ్రూపులో రాశాడు. కాసేపట్లో ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు మొదటి పార్టీ నాయకులు శాలువా పట్టుకుని ఇంటికే వచ్చారు. మీటింగులో సన్మానం చేస్తామన్నారు. “ఒస్తా. మైకుల పద్మమ్మ దొంగ గాదని చెప్త. గా వీడియో పెట్టింది మీరేనని గూడ చెప్త. సరేనా?” అన్నాను. ఆలోచించి చెబుతామన్నారు. శాలువా కూడా పట్టుకుపోయారు.

చీరలు బుధవారం సాయంత్రం వదిలారు. గురువారం పొద్దున పద్మమ్మతో పాటు నేనూ వియ్యంకుడి ఇంటికి వెళ్లాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, “మా పార్టోల్లు పెట్టింది అబద్ధమెందుకైతది?” అన్నాడు.

“నీ బిడ్డకు పెట్టే చీర సంగతి నువ్వు పార్టోల్లను అడిగి తెల్సుకుంటవా? గీ చీర తీసిన తల్లి నీ ముందలున్నది. అమ్మినదాన్ని నేనున్న. ఏమడుగుతవో మమ్మల్నడుగు.”

ఆయన వెనక నుంచి పెళ్లికూతురే వచ్చి, పద్మమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ పిల్ల ధైర్యం ముందు మాది ఏపాటి? తండ్రి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. శుక్రవారం పెళ్లి జరిగింది. సంచులు మాత్రం ఆఫీసు వాళ్లు ఉంచేసుకున్నారు. చీరలను పద్మమ్మ ఇత్తడి తాంబాలంలో పెట్టి, పదిమందిలో, తల ఎత్తుకుని పంచింది.

మళ్లీ పరుపు మీద

పెళ్లి మర్నాడు నేను మామూలుగానే షాపుకు వెళ్లాను. శ్రీనివాసరావు గారు, “మిమ్మల్ని రావద్దన్నాను కదండీ” అన్నాడు. “సేటు అనలే” అని నా చోట కూర్చున్నాను. నా వైపు గిరాకీ పంపొద్దని కుర్రాళ్లకు చెప్పాడు. వచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. సేటు ప్రచారంలో తిరుగుతూ షాపు మొహమే చూడలేదు. తీసేసినదాన్నో, ఉన్నదాన్నో తెలియకుండా ఎలక్షన్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.

పిల్లలూ, మీరు ఏ పార్టీకి ఓటేసుకున్నా నాకు పట్టింపు లేదు. మీ సేటు రేపు ఎమ్మెల్యే కావచ్చు, మంత్రి కావచ్చు. ఆయన జెండా మీరు మోయాలని ఏ ఉద్యోగంలోనూ రాసి ఉండదు. మీరు అమ్మిన సరుకును మాత్రం మీరే మాదని చెప్పాలి. అది చెప్పడానికి ఎవరి అనుమతీ అడగొద్దు. ఉద్యోగం పోతుందంటారా? పోవచ్చు. నాది పోలేదు కాబట్టి మీదీ పోదని అబద్ధం చెప్పను. అయినా చెప్పండి.

సేటు ఓడిపోయాడు. చీరల వల్లే ఓడాడని మొదటి పార్టీ, నా వల్లే ఓడాడని రెండో పార్టీ. మధ్యలో కండువా మార్చడం వల్ల ఓడాడని ఎవరూ అనలేదు. రేపు వాళ్లకీ ఆ అవసరం పడుతుంది కదా.

ఫలితాల మర్నాడు పొద్దున్నే ఒకామె వచ్చింది. గృహప్రవేశానికి ఒక్క చీర కావాలంది. నేను దించడం మొదలుపెట్టాను. మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సేటు. మెడలో కండువా లేదు. షాపంతా లేచి నిలబడింది, నేను లేవలేదు. ముందర గిరాకీ ఉంది. ఆయన పరుపు దగ్గరకు వచ్చి, చెప్పులు విడిచి, నా వెనకాల కూర్చున్నాడు.

విప్పిన చీరలు మడతపెట్టడం షాపులో నిన్నో మొన్నో చేరినవాళ్ల పని. నేను చీర విప్పి, చూపించి, పక్కకు వేశాను. ఆయన దాన్ని తీసుకుని, అంచుకు అంచు కలిపి, మడతపెట్టి, వెనక పేర్చాడు. ఇంకోటి వేశాను. అదీ మడతపెట్టాడు. తప్పయిందనలేదు.

ఆ గృహప్రవేశపు ఆమెకు మూడో చీరే నచ్చిందని నాకు తెలుసు. అయినా పైఅరలోవి కూడా అన్నీ దించమని కుర్రాళ్లకు చెప్పాను.